యాడికి పోతున్నాం?

స్కూలు వాళ్ళు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తామంటే పిల్లలకు పండగే గానీ, తల్లికి మాత్రం సగం ప్రాణం బస్సులోనే ఉంటుంది. ఈసారి నా ప్రాణం మొత్తం బస్సులోనే ఉంది. మా చిన్నాడి స్కూల్లో ఆడపిల్లలకు తోడుగా తల్లుల్లో ఇద్దరు రావాలని అడిగితే నేనూ, మా పక్కింటి వదినా ఒప్పుకున్నాం. శింగనమల నుంచి తాడిపత్రి, అక్కణ్ణుంచి బెలుం గుహలు, రాత్రికి మళ్ళీ ఇల్లు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు 48 మంది.

మా శింగనమల చూడని వాళ్ళకు రెండు మాటలు చెప్తాను. అనంతపురం జిల్లాలో కొండల పక్కనున్న ఊరు. ఋష్యశృంగుడు తపస్సు చేసిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. శ్రీరంగరాయల చెరువని పెద్ద చెరువుంది. అది నిండిన ఏడు ఊరంతా కళగా ఉంటుంది, నిండని ఏడు సగం ఊరు బెంగుళూరు బస్సెక్కుతుంది. రాజస్థాన్‌లో జైసల్మేరు తర్వాత వానలు తక్కువ పడే జిల్లా మాదేనని అంటారు గదా. అందుకే మా పిల్లలకు విహారయాత్రంటే మామూలు సంగతి కాదు. ఆ డబ్బులు కట్టడానికి చెనిక్కాయలు అమ్మిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

పొద్దున ఆరింటికి బస్సు కదిలింది. డ్రైవరు టీవీ పెడతానన్నాడు. పెట్టుంటే మాకు ఏ శ్రమా లేకపోయేది, నిజమే. కానీ ఆ పాటల మోతకు తలనొప్పొస్తుందని మా వదిన వద్దంది. వద్దన్నాక పిల్లల్ని ఊరకే కూర్చోబెట్టాలి గదా! నాయనపల్లి క్రాసు దగ్గర పెద్ద రోడ్డెక్కామో లేదో వెనక సీట్లలోంచి కేకలు మొదలైనాయి. “అత్తా, యాడికి పోతున్నాం?” అని ఒకడంటే, “యాడికి కాదురా, తాడిపత్రికి!” అని ఇంకొకడు. తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరుంది లెండి, మండలం కూడా. మా వైపు ఈ హాస్యం ఎన్నేళ్ళయినా పాతబడదు. ఆ మాట మీదే నాకు ఊళ్ళ పేర్ల ఆట తట్టింది.

నిజానికి మొదట పెట్టింది అంత్యాక్షరి. అది నా తప్పు. మగపిల్లలొక జట్టు, ఆడపిల్లలొక జట్టు అన్నాను. పావుగంటలో అరుచుకోవడమే మిగిలింది. పాటలొచ్చిన నలుగురే పాడతారు, మిగతా వాళ్ళు కిటికీలోంచి చేతులు బయట పెడతారు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. బస్సులో ‘ఔటు’ అయ్యే ఆటలు పెట్టకూడదు. ఔటయిన పిల్ల ఇంట్లో అయితే బయటికి పోయి ఆడుకుంటుంది. బస్సులో ఏం చేస్తుంది? పక్కపిల్ల జడ లాగుతుంది.

ఊళ్ళ పేర్ల ఆటకు మాత్రం అందరూ పనికొస్తారు. ఒక ఊరి పేరులో చివరి అక్షరంతో ఇంకో ఊరు చెప్పాలి. గుణింతం ఏదైనా ఫరవాలేదు. శింగనమల అంటే లేపాక్షి. ఇక్కడే మొదటి పేచీ. క్ష తో ఊరెక్కడుంది? సరే, క తో చెప్పండన్నాను. కదిరి, రాయదుర్గం, గుత్తి, తాడిపత్రి, రాప్తాడు అని చకచకా నడిచింది. రాప్తాడుకు ఒక పిల్లవాడు డి.హీరేహాళ్ అన్నాడు. బస్సంతా చప్పట్లు. కానీ ళ తో మొదలయ్యే ఊరు ఏ దేశంలో ఉంటుందమ్మా? చివరికి ల కు ఒప్పందం కుదిరింది. 2022లో జిల్లా రెండయ్యాక లేపాక్షి, కదిరి మన జిల్లావి కావు, శ్రీ సత్యసాయి జిల్లావి, కాబట్టి చెల్లవని ఒక గడుగ్గాయి లేచాడు. పక్క జిల్లా ఊళ్ళు చెల్లకపోతే ఆట సగంలో ఆగిపోతుందని సర్దిచెప్పాల్సి వచ్చింది.

తర్వాత మైలురాళ్ళు. రాయి తలకు పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి, నారింజ రంగయితే పల్లె రోడ్డు. ఇది మా ఆయన చెప్తే నేను నేర్చుకున్నదే. అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా గుంటూరు వైపు పోయే ఈ రోడ్డు ఇప్పుడు 544డి జాతీయ రహదారి. వచ్చే రాయి మీద తాడిపత్రి ఎన్ని కిలోమీటర్లుంటుందో ముందే చెప్పాలి. లెక్కల్లో వెనకబడిన పిల్లలు కూడా తీసివేతలు చేసేశారు. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. రాళ్ళు ఎడమ పక్కనే బాగా కనిపిస్తాయని అందరూ ఆ వైపుకే ఎగబడతారు. తల గానీ చెయ్యి గానీ కిటికీ దాటితే రెండు మార్కులు పోతాయని నియమం పెట్టాను. ఒక్క కేక కూడా వేయకుండా ఆ రెండు మార్కులే బస్సును కాపాడాయి.

వాంతుల సంగతి కూడా చెప్పాలి. ముగ్గురికి అయినాయి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ దట్టంగా పెట్టి పంపిన తల్లుల పిల్లలే ముగ్గురూ. ప్రయాణం రోజు రెండిడ్లీలు చాలు, లేదా కాసిన్ని బొరుగులు. ఎండిన ఉసిరిముక్కలు, నిమ్మకాయ, పాత తువ్వాలు, కవర్లు నా సంచిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కడుపులో తిప్పే పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా కొండల్ని చూడమనాలి. నడిచే బస్సులో తలొంచి రాసే ఆటలు, బొమ్మలు గీసే ఆటలు వద్దే వద్దు.

తాడిపత్రి దాకా చివరి అరగంట చెవిలో మాట ఆడించాను. ముందు సీటు పిల్ల చెవిలో ఒక వాక్యం చెప్తే, అది ఒకరి నుంచి ఒకరికి చివరి సీటు దాకా పోవాలి. “పెన్న ఒడ్డున బుగ్గ గుడిలో నీళ్ళూరుతుంటాయి” అని చెప్పాను. వెనక సీటు వాడు లేచి, “పెన్ను ఒత్తితే బుగ్గలో నీళ్ళూరుతాయి” అన్నాడు. డ్రైవరు కూడా నవ్వాడు. గంట తర్వాత బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో శివలింగం దగ్గర ఊరే నీళ్ళు చూసినప్పుడు పిల్లలు ఒకరి బుగ్గలు ఒకరు గిల్లుకున్నారు. గుడి కట్టించిన పెమ్మసాని నాయకుల గురించి సారు చెప్పింది ఎంతమందికి గుర్తుందో గానీ, బుగ్గంటే నీటి ఊట అని మాత్రం ఎవరూ మరచిపోరు. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథం చుట్టూ ఎన్ని ఏనుగులున్నాయో లెక్కపెట్టమంటే తలా ఒక లెక్క చెప్పారు.

తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్లు. సగం దూరం పోయాక టైరు పంక్చరయింది. రెండు పక్కలా నల్లరేగడి పొలాలు, రోడ్డు మీద సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు. జాకీ పెట్టాలంటే పిల్లలందర్నీ దించాల్సిందే. నిజం చెప్తున్నాను, నా కాళ్ళు వణికాయి. లారీ వచ్చే రోడ్డు పక్కన 48 మంది. రోడ్డుకు దూరంగా ఒక వేపచెట్టు కిందికి తీసుకుపోయి నాలుగు వరుసలుగా కూర్చోబెట్టి, తినడానికి తెచ్చిన వేయించిన చెనిక్కాయలు తలా పది పంచాము. సరా, బేసా? పిడికిట్లో కాయలు మూసి పక్కవాళ్ళను అడగాలి. సరిగ్గా చెప్తే కాయలు వాళ్ళవి, తప్పు చెప్తే అన్ని కాయలు ఇచ్చుకోవాలి. మా అవ్వ కాలం నాటి ఆట. ముప్పావు గంట పట్టింది టైరుకు. ఒక్క పిల్ల కూడా లేవలేదు. మా వదిన మాత్రం తన పదీ పోగొట్టుకుని నా దగ్గర అప్పడిగింది.

అక్కడే ఒక పిల్ల సంగతి గమనించాను. ఏడో తరగతి. పొద్దున నుంచీ ఏ ఆటలోనూ నోరు విప్పలేదు. చెట్టు కింద కూర్చుని రోడ్డు వైపే చూస్తోంది. పోయే బండ్లు ఏ ఊరివో చెప్పే ఆట పెడదామనుకున్నాను. మా చిన్నప్పుడైతే అది సులువు. 02 అంటే అనంతపురం, 04 కడప, 21 కర్నూలు. 2019లో రాష్ట్రమంతా కొత్త బండ్లకు 39 ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి ఆ ఆట చెడిపోయింది. సరే, కర్ణాటక బండ్లు లెక్కపెట్టండన్నాను. ఒక లారీని చూసి పిల్లలు “బెంగుళూరుది, బెంగుళూరుది” అని అరిచారు. ఆ పిల్ల మెల్లగా, “అది బెంగుళూరుది కాదు. 34 అంటే బళ్ళారి” అంది. ఇంకోటి వచ్చింది. “అది తుమకూరు, 06.” అందరూ నోరు తెరిచి చూశారు.

“నీకెట్ల తెలుసే?” అనడిగాను. బెంగుళూరులో అమ్మానాయన బేల్దారి పనికి పోతే రెండేళ్ళు వాళ్ళతోనే ఉందట. కట్టే బిల్డింగు ముందు రోడ్డు మీద పొద్దస్తమానం కూర్చుని నంబర్లు చూసేదట. ఇప్పుడు ఊర్లో అవ్వ దగ్గరుంటూ చదువుకుంటోంది. “మా నాయన లారీలో వస్తే ముందే కనిపెట్టొచ్చని నేర్చుకున్నా” అంది. నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆటకు నువ్వే జడ్జివి అన్నాను. తర్వాత దారంతా ఏ పేచీ వచ్చినా పిల్లలు ఆమె సీటు దగ్గరికే వచ్చారు.

బెలుం గురించి ఎక్కువ రాయను, మీరే వెళ్ళి చూడండి. మొత్తం 3,229 మీటర్ల గుహలు, మనల్ని సుమారు కిలోమీటరున్నర దాకా పోనిస్తారు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన వీటి గురించి రాశాడు, 1982లో జర్మనీ వాళ్ళు వచ్చి కొలిచారు, 2002 నుంచి జనాన్ని రానిస్తున్నారు. లోపల ఉక్క, చెమట. మంచినీళ్ళు తప్పకుండా దగ్గరుంచుకోండి. లోతున పాతాళగంగ దగ్గర పిల్లలు తమంతట తామే నిశ్శబ్దమైపోయారు. అక్కడ ఏ ఆటా పెట్టక్కర్లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఆటలకు ఓపిక ఎవరికీ లేదు. చిత్రాన్నం తిని ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయారు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, 48. మేలుకున్నది ఆ జడ్జి పిల్ల ఒక్కతే. ఎదురొచ్చే బండ్ల నంబర్లు చీకట్లో కనిపించవు గదా అంటే, “లైట్లు దగ్గరికొచ్చినాక కనిపిస్తాయి అత్తా” అంది.

ఊర్లో దిగేసరికి తొమ్మిదిన్నర. వాళ్ళ అవ్వ టార్చిలైటు పట్టుకుని నిలబడుంది. పిల్ల దిగుతూనే, “అవ్వా, ఈ పొద్దు కర్ణాటక బండ్లు అరవైరెండు చూసినా” అంది. “బువ్వ తిన్నావా లేదా అది చెప్పు ముందు” అంది అవ్వ. నేను సంచి సర్దుకుంటుంటే అడుగున ఎవరిదో ఒంటి చెప్పు, చెనిక్కాయ పొట్టు కనిపించాయి. ఆ చెప్పు ఇప్పటికీ మా వసారాలోనే ఉంది. అడగడానికి ఎవరూ రాలేదు.