మా అత్తమ్మ మాట్లాడిన సినిమాలు

సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి ఏదైనా మంచి సినిమా చెప్పమని అడుగుతుంటారు. ఫైట్లు, పంచ్ డైలాగులు లేకుండా ఒక మనిషి బతుకును దగ్గర నుంచి చూపించేవి కావాలంటే నేను రెండు చెప్తాను. రెండింటికీ మన నల్లగొండతో చుట్టరికం ఉంది.

మొదటిది ‘మల్లేశం’ (2019). ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారి కథ. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ లక్ష్మి పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నవ్వించే వేషాల్లో చూసిన ప్రియదర్శి ఇందులో మల్లేశంగానే కనిపిస్తాడు. ఊరు పిచ్చోడన్నా పంతం వదలని మనిషిని అరుపుల్లేకుండా చూపించాడు. అమ్మగా ఝాన్సీ కూడా అంతే.

మా అత్తమ్మ పుట్టింట్లో ఆసు పోసిన మనిషి. సినిమా సగంలో కుడి భుజం పట్టుకుని, “మాకు గూడ గిట్లనే గుంజేది బిడ్డా. నొస్తుందా అని ఎవరన్న అడిగిండ్రా?” అన్నది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. మా ఆయన టీవీ ఆపి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ వారమే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

రెండోది బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988). గడీలో వెట్టి బతుకు బతికే కమలాక్షిగా అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆమెకు మాటలు చాలా తక్కువ. చెప్పిన పని చేస్తూ తిరుగుతుంటే ఆ నడకలో, వంగిన వీపులో అంతా తెలిసిపోతుంది. కడుపులో బిడ్డ మీద కూడా తనకు హక్కు లేని ఆడమనిషి ఆమె. దుస్తుల రూపకల్పనకు జాతీయ అవార్డు అందుకున్న మిర్యాలగూడ చిత్రకారుడు పిట్టంపల్లి సుదర్శన్ గారికి ‘దాసి సుదర్శన్’ అనే పేరే నిలిచిపోయింది. ఇది మనసును బరువు చేసే సినిమా, చిన్నపిల్లలు పడుకున్నాక పెట్టుకోండి.

వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మధ్యలో వాళ్లు ఏదైనా చెప్పడం మొదలుపెడితే సినిమా ఆపేయండి. మిగతాది రేపు చూడొచ్చు.