ఒప్పుకోలు

మా ఇంట్లో కుటుంబ ప్రార్థన నాన్నగారి నాటి అలవాటు. తార్నాకకు కాపురం మార్చినా అది మారలేదు. రాత్రి భోజనాలకు ముందు అందరం చాప మీద చేరతాం. ఒప్పుకోలు ప్రార్థన మాత్రం నాది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గదా, మాటలకు కరువా? తెలిసి చేసిన పాపాలూ తెలియక చేసినవీ కలిపి, సమాసాలు కట్టి మరీ అప్పజెబుతాను.

కిందటి ఏడు ఒక సంగతి జరిగింది. నా దగ్గర చదివి, ఉస్మానియాలో ఎం.ఏ.లో చేరిన కుర్రవాడొకడు పుస్తకాల కోసం మా ఇంటికి వస్తూండేవాడు. ఒకనాడు అతను వచ్చి వెళ్ళాక నాన్నగారి శబ్దరత్నాకరం కనబడలేదు. మర్నాడు అతని స్నేహితుల ముందే, "పుస్తకం కావాలంటే చెప్పి తీసుకెళ్ళాలోయ్!" అన్నాను. అతని ముఖం నల్లబడింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

దసరా సెలవుల్లో బీరువా జరిపితే, వెనకాల గోడకు ఆనుకుని ఉంది నిఘంటువు!

ఆ రాత్రి ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకున్నాను. మర్నాడూ అంతే. మూడోనాడు గిన్నెలు సర్దుతూ మా ఆవిడ అంది: "దేవుడికి రోజూ చెబుతున్నారు. ఆయనకు ముందే తెలుసు గదండీ. తెలియనివాడు హాస్టల్లో ఉన్నాడు."

కోపం వచ్చింది. బైబిలు పట్టుకుని కూర్చున్నాను. వృత్తిబుద్ధి ఎక్కడికి పోతుంది? మాటలు వెతికాను. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో యూదా విషయంలో మన తెలుగు బైబిలు వాడిన మాట 'పశ్చాత్తాపం'. 3వ అధ్యాయంలో యోహాను జనాన్ని పొందమన్నది 'మారుమనస్సు'. గ్రీకు మూలంలోనూ అవి వేరువేరు మాటలే. పశ్చాత్తాపమంటే తరువాత పుట్టే మంట. అది నాకు కావలసినంత ఉంది. నిజం చెప్పొద్దూ, అందులో కొంత సుఖం కూడా ఉంది. ఏడ్చినవాడికి తాను మంచివాణ్ణేనని అనిపిస్తుంది. యూదా నయం, ముప్పై వెండినాణేలైనా తిరిగి ఇచ్చాడు. నేను అదీ చేయలేదు.

5వ అధ్యాయంలో యేసు, అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమంటాడు. అంటే ప్రార్థన మధ్యలో లేచి పొమ్మన్నాడన్నమాట! ఈ వాక్యం మీద నేనొకసారి ప్రసంగం కూడా చేశాను.

మర్నాడు సాయంత్రం మెట్రో స్తంభాలు దాటి విశ్వవిద్యాలయంలోకి నడిచాను. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు మెట్ల మీద పిల్లలు కబుర్లాడుకుంటున్నారు. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. 'పొరపాటు జరిగింది', 'అపార్థం కలిగింది'... ఒక్కదాంట్లోనూ 'నేను' లేదు. వ్యాకరణం చెప్పేవాణ్ణి, కర్త ఎక్కడ దాక్కున్నాడో నాకు తెలియదూ?

హాస్టల్ వరండాలో అతనితోపాటు ఆనాటి స్నేహితులు ముగ్గురున్నారు. పక్కకు పిలుద్దామనుకున్నాను. కాని నింద వేసింది పక్కకు పిలిచి కాదే!

"పుస్తకం మా ఇంట్లోనే ఉంది. నువ్వు తీయలేదు. నేనే నీ మీద అబద్ధపు నింద వేశాను" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మకు కూడా చెప్పుకోలేదు సార్" అన్నాడు చివరికి. క్షమించానని అతననలేదు, నేనూ తొందరపెట్టలేదు. గేటు దాకా మాత్రం వచ్చాడు.

ఆ రాత్రి నా ప్రార్థన రెండు వాక్యాల్లో ముగిసింది. మా అమ్మాయి ఒక కన్ను తెరిచి, "అప్పుడే అయిపోయిందా నాన్నా?" అంది.