ఉప్పు దాకా కుశస్థలి

చెన్నై దగ్గర మింజూరులో మా పెద్దమ్మ వంటింట్లో రెండు బిందెలుండేవి. ఇత్తడిది తాగే నీళ్ళకి, ప్లాస్టిక్‌ది వాడకానికి. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఓసారి తొందరలో రెండో దాంట్లో గ్లాసు ముంచి, గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాను. "అవి బోరు నీళ్ళురా, ఉప్పు" అని నవ్వింది పెద్దమ్మ. ఆమెకో అలవాటుండేది. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా పెరట్లో పంపు కింద వేలు తడిపి నాలుక కొసన పెట్టుకునేది. "పోయినేడు ఇంత లేదే" అని ఇంటికొచ్చాక చెప్పేది. నేల అడుగున సముద్రం ఎంత దూరం వచ్చిందో ఆమె నాలుకకి తెలుసు.

ఆ ఉప్పుకి ఎదురెళ్ళే నది కుశస్థలి. తమిళంలో కొసస్థలై ఆరు, పాత పుస్తకాల్లో కొర్తలయారు. పొడవు 136 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఓ శీతాకాలం దాని వెంట పైనుంచి దిగి వచ్చాను. ఏ మజిలీలో ఏ ప్రాణి ఏ ముక్కుతో, ఏ మొప్పతో, ఏ కంటితో బతుకుతోందో చూద్దామని బయల్దేరాను.

నగరి, పళ్ళిపట్టు వైపు కొండల్లోంచి వాగులు దిగుతాయి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఇప్పటికీ అంగట్లో తెలుగులో బేరమాడితే తెలుగులోనే జవాబొస్తుంది. ఇక్కడ ప్రాణులకి ఉప్పు బాధ లేదు, నీళ్ళే ఉండవు. చెరువు ఎండుతుంటే మిగతా చేపలన్నీ తేలిపోయాక కూడా కొరమేను బురద గుంటలో బతికే ఉంటుంది. దాని మొప్పల పైన తలలో ఓ అర ఉంది, అందులో గాలి పీల్చే మెత్తటి మడతలున్నాయి. అందుకే సంతలో తడి గోనె మీద పడేసినా గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ సౌకర్యానికి చెల్లించాల్సిన వెల కూడా ఉంది: కొరమేనుకి మొప్పలొక్కటే సరిపోవు. నీటి పైకి రానివ్వకుండా వల కింద నొక్కి ఉంచితే, చేప అయ్యుండీ నీళ్ళలో ఊపిరాడక చస్తుంది.

నత్తగుల్లది ఇంకో ఉపాయం. దానికి ఒక పక్క మొప్ప, ఇంకో పక్క ఊపిరితిత్తి. నీళ్ళు పోతే బురదలోకి దిగి గుమ్మానికి మూత బిగించుకుని వానల దాకా నిద్రపోతుంది. ఆ మూత తీయగలిగినవాడే ఈ చేలకి రాజు. ఓ వరిమడి గట్టున పదిహేను దాకా ఖాళీ గుల్లలు పడున్నాయి. ఒక్కటీ పగల్లేదు, లోపల మాత్రం ఏమీ లేదు. నత్తగుల్ల కొంగ పని అది. దాని ముక్కు మూసుకున్నా నడుమ సందు మిగిలిపోతుంది. చాలాకాలం అందరూ ఆ సందును అడకత్తెర అనుకున్నారు, గుల్లను అందులో పెట్టి పగలగొడుతుందని. తీరా చూస్తే అది పని చేసేది ముక్కు కొసలతో. కింది కొసను మూత వారగా దూర్చి, నత్తను గుల్లకి పట్టి ఉంచే కండను కోసి, మాంసాన్ని లాగేస్తుంది. పిల్ల కొంగల ముక్కుకి ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. అడకత్తెర కథ నాకూ ఇష్టమే, కానీ పగలని ఆ పదిహేను గుల్లల ముందు నిలవదు.

పూండి దగ్గర నది జలాశయమవుతుంది. 1944లో కట్టారు, 1996 నుంచి కండలేరు మీదుగా కృష్ణ నీళ్ళూ ఇందులోకే వస్తున్నాయి. దగ్గర్లోనే అత్తిరంపాక్కం. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో అక్కడ రాతి పనిముట్లు ఏరాడు. వాటిలో పాతవి సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం 2011లో తేల్చింది. కొంగకి ముక్కు ఎలాగో, ఈ ఒడ్డున మొదట బతికినవాళ్ళకి చెయ్యి అలాగ. అది పట్టుకున్న రాయి మిగిలింది.

జలాశయం అంచున ఎర్రకాళ్ళ కొంగలు మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాయి. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, లోపల ఏదీ కనబడదు. వాటికి చూడాల్సిన పనీ లేదు. ముక్కు కాస్త తెరిచి నీళ్ళలో ముంచి, ఒక కాలితో బురద కెలుకుతాయి. బెదిరిన చేప ముక్కుకి తగిలిందా, టప్‌మని మూసుకుంటుంది. వీటి అమెరికా చుట్టం మీద 1960ల్లో కొలిచి చూస్తే తగలడానికీ మూయడానికీ మధ్య సెకనులో నలభయ్యో వంతు పట్టింది. మనం ఒకసారి రెప్ప వేసేలోపే ఆ ముక్కు మూసుకుంటుంది.

అక్కడి నుంచి తామరైపాక్కం ఆనకట్ట, వల్లూరు ఆనకట్ట. వల్లూరు దాటితే నది రుచి మారుతుంది. 1960ల చివర్నుంచి చెన్నై దాహానికీ పరిశ్రమలకీ మింజూరు చుట్టూ లోతు బావులు తవ్వి తోడారు. నేలలో మంచినీటి మట్టం సముద్రం కన్నా కిందికి పడింది, ఉప్పునీరు లోపలికి నడిచొచ్చింది. పెద్దమ్మ నాలుకకి పని పెట్టింది అదే.

ఉప్పు మనకెందుకు పడదంటే, సముద్రపు లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత చిక్కగా ఉప్పును గెంటలేవు. ఆ లీటరు తాగితే, ఉప్పు పోగొట్టుకోడానికి లీటరు కన్నా ఎక్కువే ఖర్చవుతుంది. తాగేకొద్దీ దాహం. నది సముద్రంలో కలిసే ఎన్నూరు మీద ఎగిరే గల్ పక్షికి ఆ గొడవ లేదు. కళ్ళ పైన పుర్రె గాడిలో దానికి ఉప్పు గ్రంథులున్నాయి. అవి నెత్తురులోంచి ఉప్పును లాగి, ముక్కు రంధ్రాల్లోంచి చుక్కలుగా కార్చేస్తాయి. సముద్రపు పక్షుల ముక్కున కారే ఆ చుక్క సంగతి క్నుట్ ష్మిట్-నీల్సన్ 1950ల చివర్లో తేల్చాడు. తల విదిల్చి ఆ చుక్క రాల్చడం ఒడ్డున కూర్చుంటే ఎవరికైనా కనబడుతుంది. మనకి తలలో ఆ గ్రంథి లేదు గనక మింజూరు పక్కన కాట్టుపళ్ళిలో కట్టుకున్నాం. 2010లో మొదలైన ఆ కర్మాగారాన్ని, సముద్రపు నీటిని పొరల గుండా ఒత్తిడితో నెట్టి, రోజుకి 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసేలా కట్టారు. గల్ గ్రంథి చిక్కుడు గింజంతే ఉంటుంది, కరెంటు బిల్లు రాదు.

ఎన్నూరు ఉప్పుటేరు ఒడ్డున, మడ చెట్ల కింద బురదలో పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఒక్కో బొరియలోంచీ ఒక్కో కాడ లేచింది. పీత కళ్ళు అవి. ఆ చిన్న పీతల్లో మగదానికి ఒక కొండి ఒళ్ళంత ఉంటుంది, రమ్మన్నట్టు ఊపుతుంది. చదునైన బురదలో బతికే ఈ పీతకి లోకం రెండు ముక్కలు: దిగంతపు గీతకి కింద కదిలేది సాటి పీత, గీత దాటి పైకి కదిలేది శత్రువు. ముఖం మీది ఈగను తోలుకుందామని చెయ్యెత్తాను. బురద మొత్తం ఖాళీ. ఒక బురదచేప మాత్రం ముందు రెక్కల మీద మోచేతులానించినట్టు నిలబడి నన్నే చూసింది. నెత్తి మీది దాని కళ్ళు ఒక్కసారి లోపలికి మునిగి పైకొచ్చాయి. గుంటలో దాచుకున్న నీటిలో తడిపి తెచ్చుకుంటుంది, మనకి కన్నీళ్ళెలాగో అలాగ. మొప్పల్లో నీళ్ళు, తడి చర్మం గుండా ఊపిరి. ఒళ్ళు ఆరితే అటూ ఇటూ దొర్లుతుంది.

ఈ బురదలోకే థర్మల్ కేంద్రాల బూడిద చేరింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో నూనె కూడా వచ్చింది. నీటిని ఆపే ఈకల అల్లిక నూనె ముందు ఆగదు. తెల్లటి గూడబాతులు నల్లగా తడిసి, నీళ్ళకి దిగడానికి భయపడుతూ గట్ల మీద నిలబడ్డాయి.

మొగ దగ్గర ఇసుక మీద తాబేలు చచ్చి పడుంది. 2025 జనవరిలో చెన్నై తీరం పొడవునా ఇలాంటివి వందల్లో కొట్టుకొచ్చాయి. తాను పుట్టిన తీరాన్ని భూమి అయస్కాంతపు గుర్తులతో వెతుక్కుని తిరిగొచ్చే జాతి ఇది. కంటి వెనక గ్రంథితో ఉప్పు ఏడవగలదు. కానీ దానివి ఊపిరితిత్తులు. వలలో చిక్కి పెనుగులాడితే పైకి రాలేక చస్తుంది. పళ్ళిపట్టు చెరువులో కొరమేను చచ్చే చావే.

తిరిగొస్తుంటే ఆటు మొదలైంది. ఏట్లో నడుము లోతున ఒక ఇరుళ తెగ స్త్రీ వంగి నడుస్తోంది. వల లేదు. రెండు చేతులూ బురదలో ముందుకి జరుగుతున్నాయి, చూపు మాత్రం ఎటో ఒడ్డు మీద ఉంది. వేళ్ళకి రొయ్య తగలగానే చెయ్యి పైకొచ్చింది. "రొయ్యలు పడతన్నాయా అమ్మా?" అని తెలుగులోనే అడిగి, మళ్ళీ నాకొచ్చిన తమిళంలో అడిగాను. జవాబు రాలేదు. రొయ్యల బుట్ట పళ్ళ మధ్య కరిచిపట్టి ఉంది. రొయ్యను అందులో వేసి, చెయ్యి మళ్ళీ ముంచింది.