స్పానిష్ చదివితే ఏమొస్తుంది?

2018 ఎండాకాలం సంగతి. మా చెల్లి ఇంటర్ పాసయింది. ఎంపీసీ గ్రూపు, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఒకరోజు రాత్రి అందరం భోజనాలు చేస్తుంటే, పెరుగన్నం కలుపుకుంటూ, "నేను ఇంజనీరింగు చెయ్యను. హైదరాబాదులో స్పానిష్‌లో బీ.ఏ. ఉందిట, అది చదువుతా" అంది. అమ్మ "అంటే ఏంటే, ఎయిర్ హోస్టెస్ కోర్సా?" అని అడిగింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా నావైపు చూశారు. అప్పటికి నా చేతికి ఆఫర్ లెటర్ వచ్చి నెల కూడా కాలేదు. కాబట్టి ఆ నెల మా ఇంట్లో నేనే పెద్ద మేధావిని :)

మేధావి గారు తీర్పు చెప్పేశారు. "స్పానిష్ నేర్చుకోవాలంటే ఫోన్లో ఫ్రీ యాప్ ఉంది. రోజుకో పావుగంట చాలు. దానికి మూడేళ్ళ డిగ్రీ ఎందుకు? చదివితే ఏమొస్తుంది?"

"నాకు ఇష్టం అన్నయ్యా" అంది.

"ఇష్టాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఉద్యోగం" అన్నాను. నాన్నకి కావలసిన మాట దొరికింది. "పైగా నలుగురూ ఏమనుకుంటారు? ఇంజనీరింగ్ సీటు రాక ఇందులో చేరిందనుకోరూ?" అన్నారు. అంతే, చర్చ ముగిసింది. చెల్లి సీఎస్ఈలో చేరింది, 2022లో పాసయింది, ఇప్పుడు బెంగుళూరులో టెస్టింగులో చేస్తోంది. మంచి జీతమే. నా సలహాకి నేనే మురిసిపోయి ఆ సంగతి మర్చిపోయాను.

మళ్ళీ గుర్తొచ్చింది ఒక్క మాట వల్ల. ఆ మాట "అఓరీతా".

2024లో మా టీముకి ఒక మెక్సికో క్లయింటు వచ్చాడు. వాళ్ళకి పొద్దున్న 11:30 అయితే మనకి రాత్రి 11. ఒకరోజు రాత్రి రిలీజు పెట్టుకున్నాం. డేటాబేస్ యాక్సెస్ ఇవ్వాల్సిన ఆయన్ని చాట్‌లో అడిగితే "అఓరీతా పంపిస్తా" అన్నట్టు స్పానిష్‌లో రాశాడు. అనువాదం చేసే టూలు దాన్ని "ఇప్పుడే పంపిస్తున్నా" అని చూపించింది. సరే, ఇప్పుడే కదా అని ఆరుగురం కూర్చున్నాం. పన్నెండయింది, ఒకటయింది, మూడయింది. యాక్సెస్ రాలేదు. నాకు ఒళ్ళు మండి, "ఇప్పుడే ఇస్తానని మాటిచ్చి నాలుగు గంటలు కూర్చోబెట్టారు" అని వాళ్ళ బాసుని కూడా సీసీలో పెట్టి ఒక మెయిల్ కొట్టాను. ఆయన అప్పటిదాకా పండక్కి వాళ్ళ పిల్లల ఫోటోలు పంపేంత స్నేహంగా ఉండేవాడు. ఆ మెయిల్ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. పని వరకే, రెండు ముక్కలు.

ఇది జరిగాక మా మేనేజరు "మీలో ఎవరో ఒకరు ఆ భాష నేర్చుకోండి, ఫీజు కంపెనీ కడుతుంది" అన్నాడు. తప్పు నాది కాబట్టి చెయ్యి నేనే ఎత్తాను. అలా తార్నాకలో సాయంత్రం పూట పార్ట్ టైం కోర్సులో పడ్డాను. ఎక్కడనుకున్నారు? మా చెల్లి చేరతానన్న యూనివర్సిటీలోనే! అదే ఇఫ్లూ, పాతవాళ్ళ లెక్కలో సీఫెల్. 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం మొదలైంది, 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేరాయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. గచ్చిబౌలి నుంచి తార్నాక ట్రాఫిక్ గురించి నేను చెప్పక్కర్లేదు కదా.

మొదటి వారంలోనే మా మేడంగారిని అఓరీతా గురించి అడిగాను. ఆవిడ నవ్వి, "అఓరా అంటే ఇప్పుడు. దానికి ముద్దుగా ఒక తోక తగిలిస్తే అఓరీతా. మెక్సికోలో ఆ మాటకి ఇప్పుడే అని అర్థం ఉండొచ్చు, ఓ గంటలో అని ఉండొచ్చు, చూద్దాంలే అని కూడా ఉండొచ్చు. ఆయన నీకు టైము చెప్పలేదు, మొహం మీద కాదనకుండా మర్యాద చేశాడు" అన్నారు. నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. ఇంట్లో తువ్వాలు కట్టుకుని ఉండి, ఫోన్లో "ఇదిగో, వచ్చేశా, సందు చివరున్నా" అంటాడు. ఆయన అబద్ధమాడాడని మేమెప్పుడైనా సీసీలో పెట్టి మెయిల్ కొట్టామా? టూలు తప్పు చెప్పలేదు. డిక్షనరీ ప్రకారం అది కరెక్టే. మాట తెలిసింది గానీ, ఆ మాట అనే మనిషి తెలియలేదు. అదీ సంగతి.

ఇక క్లాసుల విషయానికొస్తే, నేను భయపడినంత లేదు. "మె గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ ఇష్టం. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఈ వాక్యం తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఇష్టపడే "నేను" కర్త. స్పానిష్‌లో కాఫీ కర్త, నేను పక్కన నిలబడి "నాకు" అంటాను. అచ్చం మన తెలుగులోలాగే! ఒక మామిడిపండు అయితే "గుస్తా", చాలా పళ్ళు అయితే "గుస్తాన్". మనకి పండు నచ్చింది, పళ్ళు నచ్చాయి అన్నట్టే. క్రియలోనే మనిషి తెలిసిపోతాడు కాబట్టి నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. నువ్వు, మీరు తేడా ఉంది. త, ద లు మన త, ద లే, ట, డ లు కావు. "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. మనం బడిలో అటకెక్కించిన బండి ఱ పదిహేనేళ్ళ తర్వాత ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు :)

మాటల సంగతి ఇంకా తమాషా. నారింజని వాళ్ళు "నరాన్హా" అంటారు. సంస్కృతం నుంచి పర్షియన్‌కీ, అక్కడి నుంచి అరబ్బీకీ, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్‌కీ వెళ్ళిన మాట. వాళ్ళ "అసూకర్" మన చక్కెర వెళ్ళిన దారినే వెళ్ళింది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ బోర్డు "అదువానా", మన దివాణం, ఈ రెంటికీ మూలం ఒక్కటే, దివాన్. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక మూల ముస్లిం రాజ్యం ఉండేది. ఆ చరిత్ర తెలియకపోతే ఈ మాటలు ఊరికే బట్టీ పట్టాల్సిన లిస్టు. తెలిస్తే కథ.

ఇంతవరకూ భాషే. అసలు దెబ్బ క్యాంటీన్‌లో తగిలింది.

అక్కడ ఎం.ఏ. స్పానిష్ చదివే ఒకమ్మాయి పరిచయమయింది. నా అలవాటు కొద్దీ "ఎం.ఏ.లో ఇంకా ఏం చదువుతారండీ, గ్రామర్ అయిపోయాక?" అని అడిగాను. ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసి, తను చదువుతున్న పుస్తకం కథ చెప్పింది. పేరు "లాసరీయో దె తోర్మెస్". 1554 నాటి ప్రతులు దొరుకుతున్నాయి, రాసిందెవరో పేరు లేదు. 1559లో మతవిచారణ వాళ్ళు నిషేధించిన పుస్తకాల జాబితాలో ఎక్కించారు.

కథలో లాసరో అనే పేద కుర్రాడు ఒకరి తర్వాత ఒకరి దగ్గర పనికి చేరతాడు. మూడో యజమాని తొలేదో ఊళ్ళో ఒక పెద్దమనిషి. మంచి అంగీ, నడుముకి కత్తి, ఠీవిగా నడక. కుర్రాడు ఇక తన కడుపు నిండినట్టే అనుకుంటాడు. తీరా చూస్తే ఆ ఇంట్లో తినడానికి ఏమీ లేదు. కుర్రాడే వీధుల్లో అడుక్కొచ్చిన రొట్టె, ఆవు కాలు ముక్కలు తెస్తే, ఆ పెద్దమనిషి మొహమాటపడుతూ అందులోంచే తింటాడు. బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక గడ్డిపరకతో పళ్ళు కుట్టుకుంటూ వెళ్తాడు, ఇప్పుడే సుష్టుగా భోంచేశానని వీధి నమ్మాలి కదా! చివరికి అద్దె అడగడానికి వచ్చినవాళ్ళని చూసి, చిల్లర తెస్తానని పారిపోతాడు. పనివాళ్ళు యజమానిని వదిలిపోవడం చూశాం గానీ, యజమానే నన్ను వదిలిపోయాడు అని కుర్రాడు వాపోతాడు.

"మాకు దీనికో సామెత ఉంది, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అన్నాను. ఆ అమ్మాయి కేరళ వాళ్ళు, అర్థం చెప్తే నోట్‌బుక్కులో రాసుకుంది. తర్వాత అంది, "ఆ గడ్డిపరక పేరే ఓన్రా. పరువు. ఆ కాలంలో పెద్ద కులంవాడు చేతులతో పని చేస్తే పరువు పోతుంది. అందుకని ఆకలితో మాడతాడు గానీ పని చెయ్యడు. ఈ ఒక్క మాట అర్థం కావడానికే మాకు ఒక సెమిస్టర్ చరిత్ర చెప్తారు."

ఇంకో రోజు "దోన్ కిహోతె" గురించి చెప్పింది. 1605లో వచ్చిన ఆ నవలలో, ఈ కథ నేను రాసింది కాదు, తొలేదో బజారులో దొరికిన అరబ్బీ కాగితాల నుంచి తర్జుమా చేయించాను అంటాడు కథకుడు. తర్జుమా చేసినవాడికి కూలి ఎండుద్రాక్ష, గోధుమలు. నెలన్నర పైచిలుకులో డెలివరీ :) 1609 నుంచి ఆ తర్జుమా చేసినవాడి లాంటి మొరిస్కోలని, అంటే మతం మార్చిన ముస్లింల సంతతిని, స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టారు. 1615లో వచ్చిన రెండో భాగంలో, అలా వెళ్ళగొట్టబడిన ఒక పొరుగువాడు మారువేషంలో తిరిగొచ్చి సాంచోకి ఎదురుపడతాడు. పరాచికంలా మొదలైంది ఎక్కడ తేలిందో చూడండి. ఇవి యాప్‌లో పావుగంటకి వచ్చే విషయాలు కావు.

ఆ రాత్రి మెట్రోలో తిరిగి వస్తూ ఉంటే నాన్న మాట గుర్తొచ్చింది. "నలుగురూ ఏమనుకుంటారు?" నేను చెల్లితో ఉద్యోగం గురించి మాట్లాడానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజంగా నేను లెక్కలు వేశానా? ఆ డిగ్రీ చేసినవాళ్ళు ఏం చేస్తున్నారో కనుక్కున్నానా? ఒక్కరినైనా అడిగానా? లేదు. మా ఇంటి నుంచి వీధిలోకి వెళ్ళేటప్పుడు నోట్లో పెట్టుకోవడానికి మాకో గడ్డిపరక కావలసివచ్చింది. ఆ గడ్డిపరక పేరు సీఎస్ఈ. తెచ్చింది నేను.

ఇలా అన్నానని అందరూ ఇంజనీరింగు మానేసి స్పానిష్ చదవాలని కాదు. ఆ చదువులో కూడా ఉద్యోగం చింత ఉంటుంది. టీచింగు, అనువాదం, కాల్ సెంటర్లు, కంపెనీల్లో భాషా విభాగాలు, ఇలాంటివి ఉన్నాయి, అందరికీ దొరుకుతాయని నేను చెప్పను. మామూలు అనువాదం మెషీన్లే చేసేస్తున్నాయి కూడా. కానీ మెషీన్ "ఇప్పుడే" అన్నచోట "తొందరపడకు, ఆయన మర్యాదకి అన్నాడు" అని చెప్పగలిగేవాళ్ళు తయారయ్యేది ఈ మూడూ, భాష, సాహిత్యం, సంస్కృతి, కలిపి చదివినచోటే. అలాంటి మనిషి ఆ రాత్రి మా టీములో ఒక్కరున్నా ఆ మెయిల్ వెళ్ళేది కాదు.

మెక్సికో ఆయనకి ఈ మధ్య నా వచ్చీరాని స్పానిష్‌లో క్షమాపణ రాశాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. మూడు తప్పులు దిద్ది, చివర పిల్లల ఫోటో పెట్టాడు.

చెల్లికి చెప్పడానికే ఎక్కువ టైము పట్టింది. దసరాకి ఇంటికి వచ్చినప్పుడు, డాబా మీద, ఈ కథంతా చెప్పాను. లాసరో కథ దగ్గర బాగా నవ్వింది. గడ్డిపరక దగ్గరికి వచ్చేసరికి నవ్వలేదు. "తప్పు నాదే, నేనే చెడగొట్టాను" అన్నాను. కాసేపు ఊరుకుని, "ఇప్పుడు చదివితే ఏమొస్తుంది అన్నయ్యా?" అంది. వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా టెక్స్టుబుక్కు తన బ్యాగు పక్కన పెట్టి కిందికి వచ్చేశాను. బెంగుళూరు తీసుకెళ్ళిందో లేదో అడగలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి చదువు చదువుతామంటే, "ఏమొస్తుంది?" అని తప్పకుండా అడగండి. అడగడం తప్పు కాదు. కాకపోతే జవాబు కూడా మీరే చెప్పేయకండి, నాలాగా. ఆ చదువు చదివినవాళ్ళని నలుగురిని వెతికి పట్టుకుని అడగండి. తార్నాక అంత దూరమేం కాదు.