మొక్క దాహానికి రిమైండరా?

ఇళ్ళల్లో పెంచే మొక్కల్లో నీళ్ళు లేక చచ్చేవాటికంటే నీళ్ళు ఎక్కువై చచ్చేవే ఎక్కువని నా గట్టి నమ్మకం. మన ఐటీ జనాల ఇళ్ళల్లో మరీను. మనకి ప్రతిదానికీ ఒక షెడ్యూల్ కావాలి కదా! "వారానికి రెండుసార్లు, గ్లాసుడు" అని ఎవరో చెప్తే ఫోన్లో రిమైండర్ పెట్టేసుకుంటాం. అది మోగగానే పోసేస్తాం. మట్టి ఇంకా తడిగానే ఉందేమో అని చూసే నాథుడు లేడు.

అసలు సంగతేంటంటే, వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే గాలే వాటికి ఆధారం. ఆ ఖాళీలన్నీ రోజుల తరబడి నీళ్ళతో నిండిపోతే ఆక్సిజన్ అందదు. గాలిలో కంటే నీళ్ళలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది మరి. ఊపిరాడక చచ్చుబడ్డ వేళ్ళని పిథియం, ఫైటోఫ్తోరా లాంటి నీటి బూజులు పట్టుకుని కుళ్ళబెట్టేస్తాయి.

ఇందులో తిరకాసు ఒకటుంది. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు కాబట్టి ఆకులు వాడిపోతాయి, అచ్చం దాహం వేసినట్టే. మనం జాలిపడి ఇంకో గ్లాసు పోస్తాం. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్ళ గురించి మీకు నేను చెప్పాలా?

కిందటేడు మా టీంలో ఒకాయన ఉద్యోగం పోయి ఊరెళ్ళిపోతూ తన డెస్కు మీది స్నేక్ ప్లాంటుని మాకు అప్పగించాడు. "దీన్ని కాస్త చూసుకోండయ్యా" అన్నాడంతే. ఆయన మీదున్న అభిమానమంతా జనం దానిమీద చూపించారు. పొద్దున హౌస్ కీపింగ్ ఆమె, మధ్యాహ్నం ఇద్దరు, సాయంత్రం ఇంకొకరు. కిటికీ లేని మూల, ఏసీ, అడుగున కన్నం లేని పింగాణీ కుండీ. అదేమో దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకుని కరువుకి తట్టుకునే బాపతు. రెండు నెలల్లో ఆకుల మొదళ్ళు మెత్తబడి, కుండీ కంపు కొట్టింది. ఇంటికి తెచ్చి, మట్టి దులిపి, నల్లబడ్డ వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో కోసేసి, గట్టిగా మిగిలిన ఒక్క దుంపని ఇసక కలిపిన కొత్త మట్టిలో, కన్నాలున్న కుండీలో పెట్టాను. నెలన్నర ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక పిలక వేసింది. ఫోటో పంపిస్తే ఆయన, "నాకంటే ముందే అది కుదురుకుందన్నమాట" అన్నాడు. ఏం జవాబివ్వాలో తోచలేదు.

అంచేత, ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. మనీప్లాంటుకైతే రెండంగుళాల లోతున తడి తగిలితే ఆ రోజుకి వదిలెయ్యండి. స్నేక్ ప్లాంటుకి మట్టి పూర్తిగా ఆరిపోవాలి. పోసినప్పుడు మాత్రం కన్నాల్లోంచి కారేదాకా పోసి, ఓ పావుగంటాగి పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. వానాకాలంలోనూ, వెలుతురు తక్కువున్న గదిలోనూ మట్టి ఆలస్యంగా ఆరుతుందని గుర్తుంచుకోండి. అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు దిగిపోతాయన్నది వట్టి అపోహ. సన్నమట్టిలోని తడి రాళ్ళలోకి తేలిగ్గా దిగదు, పైనే, వేళ్ళ దగ్గరే నిలుస్తుంది.

మా అమ్మ పెరట్లో రోజూ చెంబులతో పోస్తుంది కదా అంటారా? అక్కడ ఎండుంది, గాలుంది, కింద నేలంతా ఉంది. మన హాల్లో కుండీకి ఉన్నది జానెడు మట్టి. దానికి నీళ్ళు పోసేవాళ్ళు నలుగురుంటే సరిపోదు, పోసేముందు చూసేవాళ్ళు ఒక్కరుండాలి. ఏమంటారు?