మృత్యులోయలో మోటారు ప్రయాణము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 'డెత్ వ్యాలీ' యను లోయ కలదు. మృత్యులోయ యని దాని యర్థము. అందు ఫర్నెస్ క్రీకున 1913 జూలై 10వ తేదీన 56.7 సెంటిగ్రేడు డిగ్రీల వేడి నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో భూమిపై అంతకు మించినది లేదు.

గత వేసవిలో అచ్చట నుద్యోగియైన మా తమ్మునితో ఆ దారిని పోయితిమి. వాని బండి 1967 నాటి ఎమ్.జి.బి.; ఇరువురికే చోటు. స్టవ్‌పైప్ వెల్స్ మొదలు టౌన్ కనుమవఱకు బాట సుమారు 5,000 అడుగులు ఎక్కును. నడుమ బండి దగ్గిదగ్గి నిలిచిపోయెను. చెట్టునీడ లేదు, టెలిఫోను పలుకదు.

తమ్ముడు తాళము త్రిప్పి చెవియొగ్గెను. వెనుక ఇరుసుచెంతనున్న పెట్రోలుపంపు తన పని ముగియగానే చప్పుడు మానవలెను. అది ఎడతెగక టకటకలాడుచుండెను.

"అక్కయ్యా! గొట్టములోనే పెట్రోలు ఆవిరియైనది. పంపు ఆవిరిని పీల్చుచున్నది" అనెను.

ఇదిగాక, ఈ బండిలో కార్బ్యురేటర్లు పొగగొట్టమునకు పైననే యుండును. నడుమ రేకుతెర యున్నను, బండి నిలిచినపుడు గాలి తగులక, దింపని పాలగిన్నెవలె కాగును. చేసినవారు ఇంగ్లండువారు, వారి యెండ యెంతటిదో పాఠకురాండ్రెఱుగుదురు!

బానెట్టు తెఱచితిమి. త్రాగునీరు ముట్టక, రేడియేటరుకై తెచ్చిన నీట తుండుగుడ్డలు తడిపి, విద్యుత్తు తీగలు తడవకుండ పంపునకును గొట్టమునకును చుట్టితిమి. తడిగుడ్డ చుట్టిన కూజావలె, ఆ పొడిగాలికి అవి త్వరలోనే చల్లబడెను. కాగిన ఇంజనుచెంత పెట్రోలుగొట్టము విప్పుట అగ్నితో చెలగాటము గాన దానిజోలికి పోలేదు. బండినీడనే కూర్చుంటిమి.

ముప్పావుగంటకు టకటక నెమ్మదించి ఆగెను, ఇంజను పలికెను. తిరుగుప్రయాణము రాత్రివేళనే యని నిశ్చయించుకొంటిమి. కనుమ దాటి పనమింట్ లోయకు దిగునప్పటికి త్రాగునీరు ఒక్క సీసా మిగిలెను.