తొందర లేని పదో నంబరు

ఫుట్‌బాల్‌లో పరుగులు తీయని ఆటగాడంటే నాకు మొదటినుంచీ కాస్త పక్షపాతం. మిత్రులు మారడోనా గొప్పా మెస్సీ గొప్పా అని వాదులాడుకుంటుంటే, నేను మధ్యలో దూరి హువాన్ రోమన్ రికెల్మే పేరు చెప్పి తిట్లు తింటుంటాను.

1978లో పుట్టాడు. బ్యూనస్ ఐరిస్ శివారు డాన్ టోర్క్వాటోలో, పేదల వాడలో పెరిగాడు. పద్దెనిమిదేళ్లకే బోకా జూనియర్స్ జట్టులోకి వచ్చాడు. అతని పాత ఆటలు చూడండి. పెళ్లింట్లో అందరూ హడావిడిగా తిరుగుతుంటే, ఏ గుండిగ ఎటు వెళ్లాలో అరుగు మీంచి కదలకుండానే చెప్పే పెదనాన్న ఒకాయన ఉంటాడే, అలా ఉంటుంది వ్యవహారం. బంతిని అరికాలితో తొక్కిపట్టి, ఎదుటివాడికి వీపు అడ్డం పెట్టి ఆగిపోతాడు. ఇద్దరు మీదికొస్తారు. రానిస్తాడు. వాళ్లు ఖాళీ చేసి వచ్చిన చోటికి బంతి వెళ్లిపోతుంది. నెమ్మదంతా మనిషిదే, బంతికి ఆ జబ్బు లేదు.

2000లో టోక్యోలో బోకాతో ఆడిన రియల్ మాడ్రిడ్‌కి ఇదే అనుభవమైంది. ఆరు నిమిషాలు తిరక్కుండానే బోకా ఫార్వర్డ్ పలెర్మో రెండు గోల్స్ కొట్టాడు. రెండోదానికి బంతి అందించింది రికెల్మే, తన సగంలోంచే. ఆపైన ఆధిక్యం నిలుపుకోవడమే పని, అందుకు అతని కాళ్ల దగ్గర బంతి ఉంటే చాలు. బోకా 2-1తో గెలిచింది. అదే ఏడాది రివర్ ప్లేట్ డిఫెండర్ యెపెస్‌కి వీపు చూపిస్తూనే అతని కాళ్ల మధ్యలోంచి బంతి లాగేసిన వైనాన్ని అర్జెంటీనాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత నిదానస్తుడికి రోషం మాత్రం జాస్తి. 2001 ఏప్రిల్‌లో రివర్ మీద గోల్ కొట్టి, క్లబ్ అధ్యక్షుడు మౌరీసియో మాక్రీ కూర్చున్న వైపు తిరిగి, రెండు చేతులూ చెవుల వెనక పెట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి ఇద్దరికీ డబ్బు దగ్గర పేచీ నడుస్తోంది. అడిగితే, మా అమ్మాయికి టోపో జీజో అనే ఎలుక బొమ్మ ఇష్టం, అందుకని చేశానన్నాడు. నమ్మినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో!

ఆ తర్వాత చేరిన బార్సిలోనాలో కోచ్ వాన్ హాల్‌కి అతను అక్కర్లేదు. తీసుకెళ్లి మైదానం అంచున ఆడించాడు. ఆ ముచ్చట అక్కడితో వదిలేద్దాం. అక్కడినుంచి విలారియల్ వెళ్లి, ఆ చిన్న ఊరి జట్టును 2006లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఆర్సెనల్‌తో రెండో ఆట ముగియడానికి కాస్త ముందు పెనాల్టీ దొరికింది. అతను కొట్టాడు, ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్ ఆపేశాడు. అతని పేరెత్తితే చాలామంది ముందు ఈ పెనాల్టీనే తీస్తారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఆ ఊరిని అంతదూరం తెచ్చిందెవరో కూడా చెప్పాలిగా?

నన్నడిగితే అంతకన్నా బాధాకరం రెండు నెలల తర్వాత బెర్లిన్‌లో జరిగింది. ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ మీద అర్జెంటీనా 1-0తో ముందుంది. అయాలా కొట్టిన ఆ గోల్‌కి కార్నర్ రికెల్మేదే. 72వ నిమిషంలో కోచ్ పెకర్మన్ అతన్ని బయటికి పిలిచేశాడు. ఎనిమిది నిమిషాలకి క్లోజా స్కోరు సమం చేశాడు. చివరికి పెనాల్టీల్లో జర్మనీ గెలిచింది. ఆట నడిపించేవాణ్ణి తీసేసి ఆధిక్యం కాపాడుకోవాలనుకోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2007లో బోకాకి తిరిగొచ్చి, దక్షిణ అమెరికా క్లబ్‌ల పోటీ లిబెర్టడోరెస్ ఫైనల్లో గ్రేమియో మీద రెండు ఆటల్లో మూడు గోల్స్ కొట్టాడు. 2009లో మారడోనా కోచ్‌గా ఉండగానే జాతీయ జట్టుకు దండం పెట్టేశాడు. 2015లో ఆట మానేశాడు.

మాక్రీ ఈలోగా దేశాధ్యక్షుడై, ఆ పదవీ దిగిపోయాడు. 2023 డిసెంబరులో బోకా క్లబ్ ఎన్నికలొచ్చాయి. ఒక పక్క అధ్యక్ష పదవికి రికెల్మే, మరో పక్క ఉపాధ్యక్ష పదవికి మాక్రీ. రికెల్మే పక్షం సునాయాసంగా గెలిచింది. రెండేళ్లు తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, అతని బోకా లిబెర్టడోరెస్ గ్రూపు దశకైనా చేరకుండా పెరూ జట్టు అలియాంజా లిమా చేతిలో ఓడిపోయింది. పదో నంబరు చొక్కాలో ఉన్నప్పుడు అతని నిదానానికి చప్పట్లు కొట్టిన అభిమానులు, అధ్యక్షుడి నిదానాన్ని మాత్రం అంత ఓపిగ్గా భరించడం లేదు.